నాలుగేళ్ల స్టెయిన్డ్ గ్లాస్ తర్వాత: నా కిట్‌లో మిగిలినవి, పోయినవి

నాలుగేళ్ల కిందట అన్నీ కలిపి వచ్చే బిగినర్ కిట్ ఒకటి కొని స్టెయిన్డ్ గ్లాస్ మొదలుపెట్టాను. రంగు గాజు ముక్కల్ని కోసి, వాటి అంచులకి రాగి ఫాయిల్ చుట్టి, సోల్డర్‌తో ఒకదానికొకటి అతికి ప్యానెల్ చేసే పని ఇది. కట్టర్, రెండు పట్టకార్లు, సోల్డరింగ్ ఐరన్, రాగి ఫాయిల్ చుట్ట, ఫ్లక్స్ (రాగికి సోల్డర్ పట్టేలా ముందుగా పూసే రసాయనం) సీసా, కొంచెం సోల్డర్ (కరిగించి అతికే లోహం), అరచేతి వెడల్పున్న రంగు గాజు ముక్కలు. ఆ పెట్టెలోంచి ఇవాళ నా బల్ల మీద మిగిలింది ఒక్క పట్టకారే. మిగతావి ఎందుకు మార్చాల్సి వచ్చిందో చెబితే కొత్తగా దిగేవాళ్లకి పనికొస్తుంది.

ముందు కట్టర్. ఎక్కువ చెప్పాల్సింది దీని గురించే, ఎందుకంటే తర్వాత వచ్చే ఇబ్బందుల్లో సగం కోతలోనే మొదలవుతాయి. పేరుకి కట్టర్ గానీ అది గాజును కోయదు. పైన సన్నటి గీటు పెడుతుందంతే, ఆ గీటు వెంబడి విరిచేది మనం. కిట్‌లోది పెన్సిల్‌లాంటి మామూలు ఉక్కు చక్రం కట్టర్. కొన్ని నెలలకే చక్రం మొద్దుబారి, గీటు మధ్యమధ్యలో తెగిపోయేది. తర్వాత కార్బైడ్ చక్రం, పిడిలోనే నూనె పోసుకునే వీలు ఉన్న పిస్టల్ గ్రిప్ కట్టర్ కొన్నాను. ఇప్పటికీ అదే వాడుతున్నాను. మొత్తం సామానులో నేను పెట్టిన డబ్బుకి పూర్తి న్యాయం చేసింది ఇదే.

గీటు సరిగ్గా పడిందో లేదో చెవికే తెలుస్తుంది. సన్నగా బట్ట చిరుగుతున్నట్టు ఒకే తీరున శబ్దం రావాలి. గీత తెల్లగా పొడిపొడిగా, పక్కన చిన్న పెచ్చులు లేస్తూ కనిపిస్తే ఎక్కువ నొక్కినట్టు. ఒక అంచు నుంచి ఇంకో అంచుదాకా ఆపకుండా లాగాలి, గీసిన చోటే రెండోసారి గీయకూడదు. అలా గీస్తే చక్రం పాడవుతుంది, గాజు తన ఇష్టం వచ్చినట్టు విరుగుతుంది. ఇక విరవడం. రన్నింగ్ పట్టకారు (గీటు వెంబడి గాజుని విరిచేది) నోటి మీదున్న గుర్తుని గీటుకి ఎదురుగా పెట్టి మెల్లగా నొక్కితే, గాజు లోపల వెండి దారంలాంటి మెరుపు ఒకటి గీటు వెంటే పాకుతూ అవతలి అంచుకి చేరుతుంది. ఎన్ని వందల సార్లు చూసినా ఆ క్షణం నాకు ఇంకా అంతే ఇష్టం.

లోపలికి తిరిగే వంపులు మాత్రం ఒక్క గీటుతో రావు. నెలవంక లాంటి ఆకారమైతే లోతు తక్కువున్న గీట్లు రెండు మూడు పెట్టి, కొంచెం కొంచెంగా తుంచుకుంటూ పోవాలి. నేను మొదట్లోనే ఒక పువ్వు డిజైన్ తీసుకుని గులాబీ రంగు గాజు చాలా పాడుచేశాను. గులాబీ రంగుల్లో కొన్నిటికి బంగారం కలుపుతారు, అందుకే వాటి ధర ఎక్కువ. మొదటి డిజైన్‌లో నిటారు గీతలు, పెద్ద వంపులు ఉంటే చాలు.

గాజు అంచుల్ని అరగదీసే గ్రైండర్ రెండో నెలలోనే కొన్నాను. అది తొందరపాటు. వజ్రపు పూత ఉన్న బిట్ అంచుల్ని నిమిషంలో సరిచేస్తుంటే కోత మీద శ్రద్ధ తగ్గిపోయింది. కొలత మీరి కోసి, తర్వాత అరగదీసుకోవడం అలవాటైంది. ముక్కల మధ్య సందులు పెరిగాయి, సోల్డర్ గీతలు ఒకచోట లావుగా ఒకచోట సన్నగా వచ్చాయి. చివరికి కొన్నాళ్లు దానిమీద గుడ్డ కప్పి, తడి రాయితో చేతనే అంచులు రుద్దుకున్నాను. కోత అప్పుడు కుదురుకుంది. గ్రైండర్ కావాల్సిన వస్తువే, కానీ చేయి కుదిరాకే. నీళ్లు లేకుండా, కళ్లకి రక్షణ అద్దాలు లేకుండా మాత్రం ఎప్పుడూ నడపొద్దు. గాజు పొడి ఊపిరితిత్తులకి మంచిది కాదు.

ఫాయిల్ విషయంలో చిన్న మాట. 3 మిల్లీమీటర్ల గాజుకి 7/32 అంగుళాల వెడల్పు సరిపోతుంది. చుట్టని బయట వదిలేస్తే రాగి నల్లబడి సోల్డర్ పట్టదు, అందుకే జిప్ కవర్‌లో పెడతాను. లేత రంగు గాజులో ఫాయిల్ లోపలి వైపు రంగు కనిపిస్తుంది కాబట్టి, చివర్లో గీతలకి నలుపు పూత వేయాలనుకుంటే వెనక నలుపున్న ఫాయిలే తీసుకోండి.

కిట్‌లోని ఐరన్‌కి వేడి అదుపు లేదు. కాసేపు సోల్డర్ ముద్దలు కట్టేది, కాసేపు సందుల్లోంచి కిందికి కారిపోయేది. తప్పు నా చేతిలో ఉందేమోనని ఆర్నెల్లు టెన్షన్ పడ్డాను. టెంపరేచర్ కంట్రోల్ ఉన్న 100 వాట్ల ఐరన్ తెచ్చి, 370 డిగ్రీల దగ్గర పెట్టిన రోజే గీత పూసలా గుండ్రంగా లేచింది. సోల్డర్ 60/40 వాడతాను, అంటే 60 పాళ్లు తగరం, 40 పాళ్లు సీసం. అది 190 డిగ్రీల దగ్గర పూర్తిగా కరుగుతుంది. ఈ వేడికి సీసం ఆవిరై గాల్లోకి వచ్చేది దాదాపు ఏమీ ఉండదు. అది చేతుల నుంచి నోట్లోకి పోవడమే అసలు ప్రమాదం. ముక్కుకి ఘాటుగా తగిలేది ఫ్లక్స్ పొగ. అందుకని కిటికీ తెరిచి, ఫ్యాన్‌తో పొగ బయటికి పోయేలా చేసుకుంటాను. ఆ బల్ల మీద తిండి, టీ ఏదీ పెట్టను. చేతులు సబ్బుతో కడుక్కున్నాకే వేరే పని. ఇంట్లో చిన్నపిల్లలుంటే ఈ పనికి విడిగా గది ఉండాలి, అది లేకపోతే సీసం లేని సోల్డర్ వాడండి. దానికి వేడి ఎక్కువ కావాలి, ఖరీదూ ఎక్కువే, కానీ పని జరుగుతుంది.

నా మొదటి ప్యానెల్‌కి రెండు లోపాలు తర్వాత బయటపడ్డాయి. ఫ్లక్స్ సరిగ్గా కడగలేదు, కొన్ని నెలలకి గీతల మీద తెల్లటి పొడి లేచింది. ఇప్పుడు సబ్బు నీళ్లతో రెండుసార్లు కడిగి, బాగా ఆరాక మైనం రుద్దుతాను. రెండోది కొక్కెం. దాన్ని పైఅంచు ఫాయిల్‌కి మాత్రమే అతికాను. బరువుకి ఫాయిల్ ఊడొచ్చి ప్యానెల్ కింద పడింది, నాలుగు ముక్కలు పగిలాయి. ఇప్పుడు కొక్కెం కాళ్లని రెండు ముక్కలు కలిసే గీతలోకి దించి అతుకుతాను. అలా వేలాడదీసిన రెండో ప్యానెల్ మూడేళ్లుగా కిటికీలోనే ఉంది.