చేత్తో వేసిన పాప్ బొమ్మ: చీర మేలా, డెనిం జాకెట్ మేలా?

పెళ్ళిళ్ళ సీజన్ వస్తే చాలు, తిరుపతిలో నన్ను అందరూ అడిగేది ఒకటే. “అక్కా, నువ్వు కాన్వాస్ మీద వేసే ఆ లారీ కళ్ళు, సినిమా పోస్టర్ రంగులు చీర మీద వేసిస్తావా? లేదంటే డెనిం జాకెట్ మేలా?” కొందరు పెయింటింగే కొనుక్కుంటే పోలేదా అని కూడా అడుగుతారు.

డిజైను, ధర తర్వాత చూసుకోవచ్చు. నా లెక్కలో అన్నిటికన్నా ముందు చూడాల్సింది మడత.

సినిమా పోస్టర్లు, లారీ బొమ్మల్లాంటి రోజూ కళ్ళబడేవాటిని కళగా వేసేదే పాప్ బొమ్మ. దానికి ప్రాణం చిక్కటి, చదునైన రంగు. నీడలుండవు, రంగు పక్కన రంగు, చుట్టూ నల్లటి గీత. ముదురు బట్ట మీద ఆ చిక్కదనం రావాలంటే ముందు తెల్ల పూత, దాని మీద కనీసం రెండు పూతలు పడాలి. అక్రిలిక్ రంగు ఆరాక సన్నటి ప్లాస్టిక్ పొరలా దారాల మీద కూర్చుంటుంది. బట్ట మీద వేసే రంగుల్లో కలిపే ఫాబ్రిక్ మీడియం అనే ద్రవం కలిపితే మెత్తబడుతుంది గానీ, పొర పొరే. చీరేమో కుచ్చిళ్ళు పోసి కట్టేది, మడతపెట్టి బీరువాలో దాచేది. ఆ మడతల దగ్గరే రంగు పగులుతుంది.

వేరేచోట పెయింట్ చేయించుకున్న పట్టుచీర ఒకటి ఒకామె నా దగ్గరికి తెచ్చింది. ఎండాకాలమంతా బీరువాలో ఉందట. వేడికి అక్రిలిక్ మెత్తబడి మడతకి మడత అతుక్కుపోయింది. మెల్లగా విడదీస్తుంటే చర్రుమని శబ్దం. పైమడతలోని అమ్మాయి పెదవుల ఎరుపు సగం కిందిమడతకి అంటుకుని వచ్చేసింది. మధ్యలో బటర్ పేపర్ పెట్టి ఉంటే దక్కేదేమో. 40 డిగ్రీలు దాటే మన ఊళ్ళో అలాంటి చీరని ఏళ్ళ తరబడి కాపాడటం పెద్ద టెన్షన్.

ఒంటికి బొమ్మ తొడిగిన పేరున్నవాళ్ళ పనుల్లో ఈ చిక్కు లేని దారులూ ఉన్నాయి. 1962లో అమెరికన్ పాప్ చిత్రకారుడు ఆండీ వార్హోల్ సూప్ డబ్బాల బొమ్మలు వేశాడు. కొన్నేళ్ళకి ఆ సూప్ కంపెనీయే డబ్బా బొమ్మలు అచ్చువేసిన కాగితం గౌను అమ్మింది. ఉతికే పనే లేదు, తొడుక్కుని పారేయడమే. 1965లో ఫ్రెంచ్ ఫ్యాషన్ డిజైనర్ ఈవ్ సాన్ లోరాన్, డచ్ చిత్రకారుడు మోండ్రియాన్ బొమ్మల్లోని గళ్ళని గౌన్ల మీదికి తెచ్చినప్పుడు రంగు పూయలేదు, రంగురంగుల గుడ్డముక్కలు కలిపి కుట్టించాడు. అందుకే అవి వంగినా పగిలేదేమీ లేదు.

చీరే కావాలంటే నా మాట వినండి, పక్కనే శ్రీకాళహస్తి ఉంది. కలంకారీలో బట్టని ముందు కరక్కాయ, పాలల్లో నానబెడతారు. ఇనుప ముక్కలు, బెల్లం నీళ్ళలో ఊరబెట్టి తీసిన నలుపు ఆ కరక్కాయతో కలిసి దారంలోనే నల్లబడుతుంది. ఎరుపుని పటిక పట్టి ఉంచుతుంది. రంగు బట్టలోకి ఇంకిపోతుంది కాబట్టి పైన పొర ఉండదు, ఎన్ని మడతలు పెట్టినా భయం లేదు. కాకపోతే ఫ్లోరసెంట్ గులాబీ అక్కడ అడగకండి, ఆ రంగులు వేరు, ఆ అందం వేరు.

నా మనసు మాత్రం జాకెట్ వైపే. వీపు భాగం వెడల్పుగా, చదునుగా కాన్వాస్ లాగే ఉంటుంది. మందపాటి డెనిం అంత తేలిగ్గా నలగదు, హ్యాంగర్‌కి తగిలిస్తే మడతే పడదు. మోచేతుల దగ్గర, కుట్ల మీద మాత్రం వేయించుకోవద్దు. రంగు ఆరాక బట్ట లోపలివైపు నుంచి ఇస్త్రీ చేయాలి. ఉతికేటప్పుడు తిరగేసి, చన్నీళ్ళలో, బ్రష్ పెట్టకుండా ఉతకాలి, నీడలో ఆరేయాలి. ఖద్దరు కుర్తా ఛాతీ భాగం కూడా బాగానే ఉంటుంది.

జాకెట్ వీపు మీద శ్రీవారి రూపం వేయమని అడిగేవాళ్ళున్నారు. నేను వేయను. కుర్చీకి ఆనేది, బస్సులో నలిగేది, బకెట్లో నానేది జాకెట్. స్వామిని కాన్వాస్ మీద అడగండి, సంతోషంగా వేసిస్తాను.

కాన్వాస్ గురించి కొత్తగా చెప్పేదేముంది, గోడ ఉంటే కొనుక్కోండి. ఫ్లోరసెంట్ రంగులున్న బొమ్మయితే ఎండ పడే చోట పెట్టకండి, తొందరగా వెలిసిపోతుంది. డిజిటల్ ప్రింట్ చౌక, ఉతకడం తేలిక. కానీ మీరు అడుగుతున్నది చేత్తో వేసింది కదా.

ఎవరి దగ్గర చేయించుకున్నా అడ్వాన్స్ ఇచ్చే ముందు అదే బట్ట ముక్క మీద అరచేయంత బొమ్మ వేయించుకోండి. ఇస్త్రీ చేశాక మూణ్ణాలుగు రోజులు ఆగి ఉతకండి, నాలుగు మడతలు పెట్టి పైన బరువు పెట్టి ఎండలో ఉంచండి. విప్పినప్పుడు అంటుకోకుండా, గీత పగలకుండా వస్తే ఆర్డర్ ఇవ్వండి.