పర్లాకిమిడిలో ఒక స్పోకెన్ ఇంగ్లీషు కోర్సు: ప్రెజెంట్ పర్ఫెక్ట్ పాఠం ఎంతవరకు నిలిచింది

పర్లాకిమిడిలో సాయంత్రం పూట నడిచే ఒక స్పోకెన్ ఇంగ్లీషు కోర్సులో ఈ మధ్య మా మేనల్లుడితో పాటు నేనూ చేరి పూర్తి చేశాను. సంస్థ పేరు రాయదలచుకోలేదు. ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా మాట్లాడుతూ పెరిగిన మన సరిహద్దు ఊళ్ల వారు ఇలాంటి కోర్సుకు డబ్బు కట్టేముందు ఏం చూసుకోవాలో చెప్పడమే నా ఉద్దేశం. పిల్లల చేత మాట్లాడించడంలో ఈ కోర్సుకు వంక పెట్టలేము గాని, వ్యాకరణం చెప్పడంలో మాత్రం సగం దూరమే వెళ్లి ఆగిపోయింది. ఆ సంగతి ప్రెజెంట్ పర్ఫెక్ట్ పాఠంలో స్పష్టంగా బయటపడింది.

హావ్ గాని హాజ్ గాని పెట్టి, వెనక క్రియ మూడో రూపాన్ని చేర్చే ఈ వాక్యం పుస్తకాల్లో కంటే మన చేతిలోని ఫోనులోనే ఎక్కువగా తగులుతుంది. అవతలివారి ఫోను కలవకపోతే ‘ది నంబర్ యూ హావ్ డయల్డ్’ అని ఒక గొంతు మొదలుపెడుతుంది. ఆన్‌లైన్లో చీర కొంటే ‘యువర్ ఆర్డర్ హాజ్ బీన్ షిప్డ్’ అని మెసేజి వస్తుంది. దారి చూపే మ్యాపు ఇల్లు చేరగానే ‘యూ హావ్ అరైవ్డ్’ అంటుంది. పని జరిగిపోయిందని చెబుతూనే, దాని ఫలితం ఇప్పుడు మన ముందున్నదని కూడా తెలిపే వాక్యాలివి. ‘ఐ లాస్ట్ మై కీస్’ అన్నవాడికి ఆ తాళాలు తరువాత దొరికి ఉండవచ్చు. ‘ఐ హావ్ లాస్ట్ మై కీస్’ అన్నవాడు ఇంకా తలుపు బయటే ఉన్నాడు. మనం మాత్రం రెండు సందర్భాల్లోనూ ‘తాళాలు పోగొట్టుకున్నాను’ అనే అంటాము. ఏది ఎప్పటి సంగతో వినేవాడు గ్రహించుకుంటాడు. తెలుగువాడు ఈ పాఠంలో తడబడేది అందుకే.

మొదట్లో మాకు పాఠం చెప్పిన మాస్టారు అచ్చు గైడును ముందు పెట్టుకుని ‘తినియున్నాను, వెళ్లియున్నాను, చూచియున్నాను’ అని బోర్డు నిండా రాశారు. ముందు బెంచీలో కూర్చున్న ఒక కుర్రాడు లేచి, ‘మాస్టారూ, మన ఇళ్లలో ఎవరైనా అలా అంటారా అండీ?’ అని అడిగితే, ‘పరీక్షలో అలాగే రాయాలి బాబూ’ అన్నారు. స్పోకెన్ ఇంగ్లీషు కోర్సుకు వచ్చినవాడికి ఈ జవాబు ఏ మాత్రమూ పనికిరాదు. పర్లాకిమిడి రాజావారి పాఠశాలలో ఉద్యోగం చేస్తూ, జనం నోట్లోని తెలుగునే రాతలోకి తేవాలని జీవితమంతా వాదించిన గిడుగు రామమూర్తి పంతులుగారి ఊరు ఇది. ఇక్కడి బోర్డు మీదే ‘తినియున్నాను’ కనిపించడం నాకు చివుక్కుమనిపించింది. కొన్ని గైడ్లలో దీనికి బదులు ‘తినేశాను’ అని ఇస్తారు. అది వినడానికి సహజంగానే ఉంటుంది గాని, ‘నిన్న రాత్రే తినేశాను’ అని కూడా మనం హాయిగా అంటాము కనుక అదీ సరిపోదు.

కొన్ని వారాల తరువాత ఆ మాస్టారి స్థానంలో ఈ ఊరి మేడం ఒకరు వచ్చారు. ఆవిడ గైడు మూసి, బోర్డు మీద ‘ఖాఇలి, ఖాఇఛి, ఖాఇథిలి’ అని మూడు ఒడియా మాటలు వరుసగా రాసి, వాటి ఎదుట ‘ఐ ఏట్, ఐ హావ్ ఈటెన్, ఐ హాడ్ ఈటెన్’ అని రాశారు. అంతవరకు దిక్కులు చూస్తున్న పిల్లలు ఒక్కసారి కుదురుగా కూర్చున్నారు. 1936 ఏప్రిల్ 1న ఈ ఊరు ఒడిశాలో చేరింది. ఆనాటి నుంచి తరతరాలుగా ఒడియా నేర్చిన మన పిల్లలకు ఇంగ్లీషువాడి ఈ తేడా కొత్తదేమీ కాదని, వేరే భాషలో రోజూ వాడుతున్నదేనని చూపించిన ఆ పావుగంటే ఈ కోర్సులో నాకు అన్నిటికంటే నచ్చింది. హైదరాబాదులోనో విజయవాడలోనో అచ్చయిన గైడు ఈ పని చేయలేదు.

అయితే మేడం అక్కడే ఆగిపోయారు. ఒడియా ఇచ్చిన ఊతం కొంత దూరమే వస్తుంది. ఆ పైన అదే మనల్ని తప్పుదారి పట్టిస్తుంది. ‘కాలి’ అంటే నిన్న అని చెబుతూ కూడా ‘దేఖిఛి’ అనడం మా వీధిలో రోజూ వింటూనే ఉంటాము. ఆ అలవాటుతో మా బ్యాచిలో సగం మంది ‘ఐ హావ్ సీన్ హిమ్ యెస్టర్‌డే’ అన్నారు. గడిచిపోయిన కాలాన్ని పేరు పెట్టి చెప్పినప్పుడు ఇంగ్లీషులో హావ్ నిలవదు, ‘ఐ సా హిమ్ యెస్టర్‌డే’ అనే అనాలి. అలాగే ‘సే పురీ జాఇఛి’ అంటే పూరీ వెళ్లాడు, ఇంకా రాలేదు అనీ కావచ్చు, ఎప్పుడో వెళ్లివచ్చాడు అనీ కావచ్చు. ఇంగ్లీషులో మొదటిదానికి ‘హాజ్ గాన్’, రెండోదానికి ‘హాజ్ బీన్’. ఈ ముక్క క్లాసులో రాలేదు.

మరొక సంగతి. బ్యాంకు మెసేజిలో ‘హాజ్ బీన్ డెబిటెడ్’ అన్నాక తేదీ కూడా ఉంటుంది కదా, అది తప్పు కాదా అని మా మేనల్లుడు ఫోను తీసి చూపించాడు. ‘బ్యాంకువాళ్లు తప్పు రాస్తారా’ అని మేడం నవ్వేశారు. మన దేశపు ఇంగ్లీషులో ఆ వాడుక స్థిరపడిపోయిందని, పరీక్షలోను బయటి దేశపు ఇంటర్వ్యూలోను మాత్రం దాన్ని తప్పుగా పట్టుకుంటారని చెబితే సరిపోయేది. అడిగిన పిల్లవాడు ముఖం చిన్నబుచ్చుకుని కూర్చున్నాడు. పైగా ఆ గైడులో ‘డిడ్ యూ ఈట్ యెట్?’ అన్న వాక్యాన్ని ఎర్ర గీతతో కొట్టేశారు. అమెరికాలో అది మామూలు మాటే.

మిగతా విషయాల్లో పెద్దగా చెప్పుకోవలసినది లేదు. గది ఇరుకే గాని గాలి ఆడుతుంది. రోజూ ఇద్దరిద్దరిని నిలబెట్టి దుకాణం బేరమో, రైలు టికెట్టు కౌంటరు సంభాషణో మాట్లాడిస్తారు. నోరు మెదపని పిల్లలు కూడా కోర్సు చివరికి ధైర్యంగా నాలుగు మాటలు మాట్లాడారు, అది వారి శ్రమేనని ఒప్పుకోవాలి. రాసిన అభ్యాసాలను దిద్ది ఇవ్వడంలో మాత్రం బద్ధకం కనిపించింది.

ఈ ఊళ్లోనైనా, రాయగడలోనైనా, బరంపురంలోనైనా ఇలాంటి కోర్సులో చేరేవారు డెమో క్లాసుకు వెళ్లి ‘పదేళ్ల నుంచి ఇక్కడే ఉంటున్నాను’ అన్న వాక్యాన్ని ఇంగ్లీషులో చెప్పి చూపండి. తెలుగులోనూ ఒడియాలోనూ ఇది జరుగుతున్న పనిగానే పలుకుతుంది కనుక, ‘ఐ యామ్ లివింగ్ హియర్ సిన్స్ టెన్ ఇయర్స్’ అన్నదే మన నోటికి ముందుగా వస్తుంది. కావాలనే అలాగే అని చూడండి. ‘ఐ హావ్ లివ్డ్ హియర్ ఫర్ టెన్ ఇయర్స్’ అని దిద్ది, సిన్స్ తరువాత మొదలైన సంవత్సరం వస్తుందని, ఫర్ తరువాత గడిచిన కాలం వస్తుందని విడమరచి చెప్పే టీచరు ఉంటే నిశ్చింతగా చేరవచ్చు. మేము చేరిన చోట అయితే, ఆ మేడం చెప్పే బ్యాచినే అడిగి తీసుకోండి, డబ్బు రెండు వాయిదాల్లో కడతామనండి, అడిగితే ఒప్పుకుంటారు.