జాగ్రత్త: బిజినెస్ క్లాస్ టికెట్ కొన్నంత మాత్రాన ఫొటోలో చూసిన సీటు మీదైపోదు

దూర ప్రయాణానికి బిజినెస్ క్లాస్ టికెట్ కొనాలనుకుంటున్న వాళ్లంతా డబ్బు కట్టే ముందు ఇది చదవండి. ఆ టికెట్‌తో మీకు దక్కే హక్కు బిజినెస్ క్లాస్ అనే పేరున్న క్యాబిన్‌లో ఒక చోటుకు మాత్రమే. ప్రకటనల్లో కనిపించే తలుపున్న సీటు, నేలకు సమానంగా పరుచుకునే పడక, మీరు ఎంచుకున్న సీటు నంబరు, చివరికి విమానం రకం, వీటిలో ఏదీ హామీ కాదు. నిర్వహణ అవసరాలను బట్టి విమానాన్నీ సీటునూ ఎప్పుడైనా మార్చే అధికారం తమకుందని విమానయాన సంస్థలు ప్రయాణ నిబంధనల్లో రాసిపెట్టుకుంటాయి. కొనేటప్పుడు మాత్రం ఆ వాక్యం ఎవరూ మన కళ్ల ముందు పెట్టరు.

మాకు జరిగింది చెబుతాను. అమ్మకు వెన్నెముక ఆపరేషన్ అయింది. గంటల తరబడి కూర్చోలేదు, వెల్లకిలా పడుకుంటేనే నొప్పి తగ్గుతుంది. రాత్రంతా సాగే ప్రయాణం కాబట్టి బిజినెస్ క్లాస్ తప్ప వేరే దారి లేదనుకున్నాం. సీట్ల పటం తెరిచి చూశాం. 1-2-1 అమరిక, అంటే రెండు కిటికీల వైపూ ఒక్కో సీటు, మధ్యలో రెండు, ప్రతి సీటు పక్కనా నడవా, పూర్తిగా చదునుగా మారే పడక. అదే విమానం అని టికెట్‌లోనూ ఉంది. సీట్లు ఎంచుకుని, డబ్బు కట్టి, వైద్య అవసరం సంగతి ముందుగానే రాతపూర్వకంగా తెలియజేశాం. తీరా చెక్-ఇన్ కౌంటర్ దగ్గర చేతికి వచ్చిన బోర్డింగ్ పాసుల మీద వేరే నంబర్లు ఉన్నాయి. అడిగితే, "విమానం మారిందండీ, క్లాసు మాత్రం అదే" అన్నారు.

లోపలికి వెళ్లి చూస్తే 2-3-2 వరుసలు. అమ్మకు వచ్చింది మధ్య సీటు. అది పాతకాలపు వాలు పడక. పూర్తిగా చాపితే వీపు, కాళ్లు ఒకే వరుసలోకి వస్తాయి కానీ పడక మొత్తం నేలవైపు ఏటవాలుగా నిలుస్తుంది. జారుడు బల్ల మీద పడుకున్నట్టే. ముందు దుప్పటి జారుతుంది, తర్వాత మనం జారుతాం, పాదాలు కింది పలకకు తన్నుకుని మోకాళ్లు వంగిపోతాయి. ఆరోగ్యంగా ఉన్నవాళ్లే నిద్రలో పదేపదే పైకి జరుక్కోవాలి. వెన్ను ఆపరేషన్ అయిన మనిషి సంగతి చెప్పాలా?

అది చాలదన్నట్టు సీటు మోటారు మొరాయించింది. మీట నొక్కితే సన్నటి గుర్రుమనే చప్పుడు, వీపు భాగం సగం వరకూ వెళ్లి ఆగిపోవడం, ఆ తర్వాత పైకీ రాదు కిందికీ పోదు. సిబ్బంది వచ్చి సీటుకు విద్యుత్తు ఆపి మళ్లీ ఇచ్చి చూశారు. ఫలితం లేదు. అన్ని సీట్లూ నిండి ఉన్నాయి. దిగే ముందు సీటు నిటారుగా ఉండి తీరాలి కాబట్టి, మోటారు పనిచేయకపోయినా చేత్తో వెనక్కి తెచ్చే లాగుడు పట్టీ ఉంటుంది. చివర్లో దాన్ని లాగి నిటారుగా నిలబెట్టారు. ఆలోగా అమ్మ ఆ రాత్రిలో చాలా భాగం నడవాలో అటూ ఇటూ తిరుగుతూ, వంటగది దగ్గర గోడకు ఆనుకుని నిలబడుతూ గడిపింది. "ఈ సీటు కోసం ఇంత డబ్బు పోశావా నాన్నా" అని ఆమె అన్న మాట ఇప్పటికీ నన్ను వదలడం లేదు. ఆ సిబ్బంది మీద నాకు కోపం లేదు. తమ చేతుల్లో ఉన్నదంతా చేశారు.

ఫిర్యాదు చేస్తే వచ్చిన సమాధానమే అసలు అందరూ తెలుసుకోవాల్సిన విషయం. "మీరు బిజినెస్ క్లాస్‌లోనే ప్రయాణించారు కాబట్టి దీన్ని తరగతి తగ్గింపుగా పరిగణించలేం" అన్నారు. తర్వాతి ప్రయాణాలకు వాడుకునే పాయింట్లు, అదే కొన్ని మైళ్లు ఇస్తామన్నారు.

చట్టం ప్రకారం ఆ సమాధానంలో తప్పు పట్టడం కష్టం. ఐరోపా సమాఖ్య 2004లో తెచ్చిన 261వ నిబంధన చూడండి. కొన్న తరగతి కన్నా కింది తరగతిలో కూర్చోబెడితే 1,500 కిలోమీటర్ల లోపు ప్రయాణానికి టికెట్ ధరలో 30 శాతం, మధ్యస్థ దూరాలకు 50 శాతం, సమాఖ్య బయటకు 3,500 కిలోమీటర్లు దాటే ప్రయాణానికి 75 శాతం వెనక్కి ఇవ్వాలి. భారత్‌లోనూ 2023 ఫిబ్రవరి నుంచి అంతర్జాతీయ ప్రయాణాలకు దూరాన్ని బట్టి ఇవే శాతాలు వర్తిస్తున్నాయి. కింది తరగతికి మారిస్తే ప్రయాణం వద్దనుకుని పూర్తి డబ్బు వెనక్కి తీసుకునే హక్కును అమెరికా 2024 నిబంధనల్లో చేర్చింది. ఇవన్నీ మంచివే. కానీ ఇవన్నీ లెక్కపెట్టేది తరగతి పేరునే. పేరు మారకుండా సీటు ఒక తరం వెనక్కి పోతే, పడక పనిచేయకపోతే, ఈ శాతాలేవీ దానంతట అవి వర్తించవు. నిజంగా ఎకానమీలోకి నెట్టినా ఐరోపాలో మీరు ఊహించినంత రాకపోవచ్చు. ఆ శాతాన్ని మొత్తం టికెట్ మీద కాకుండా తరగతి తగ్గిన ఆ ఒక్క విమానం వాటా మీదే, అదీ తరగతితో సంబంధం లేని పన్నులు తీసేసి లెక్కించాలని అక్కడి న్యాయస్థానం 2016లో తేల్చింది.

అందువల్ల జాగ్రత్తంతా కొనే ముందే పడాలి. మొదట విమానం రకం, దానిలోని సీట్ల అమరిక చూడండి. పూర్తిగా చదునుగా మారే పడకను బ్రిటిష్ ఎయిర్‌వేస్ 2000లోనే బిజినెస్ క్లాస్‌లోకి తెచ్చింది. ఇన్నేళ్ల తర్వాత అది అన్నిచోట్లా ఉంటుందని అనుకోవడం సహజం, కానీ ఒకే సంస్థలో రెండు మూడు తరాల సీట్లు పక్కపక్కనే తిరుగుతుంటాయి. ఎమిరేట్స్ పాత బోయింగ్ 777లలో బిజినెస్ క్లాస్ 2-3-2 అమరికతో వచ్చింది, అంటే ఇద్దరి మధ్య ఇరుక్కునే సీటు అక్కడా ఉంది. కతార్ ఎయిర్‌వేస్ 2017లో క్యూసూట్ అనే తలుపున్న సీటును పరిచయం చేసింది, ఆ సంస్థ ఎయిర్‌బస్ ఏ380 విమానాల్లో మాత్రం అది లేదు. అంటే సంస్థ పేరు చూసి సీటు గురించి ఒక నిర్ణయానికి రాలేం. ఆ రోజు, ఆ మార్గంలో, ఆ నంబరు విమానం ఏదన్నదే ముఖ్యం. టికెట్ మీద ఒక సంస్థ పేరుండి, నడిపేది మరో భాగస్వామి సంస్థ అయితే ఇంకా జాగ్రత్త పడాలి. "నడిపేది" అన్న చిన్న అక్షరాల గీత చదవకుండా ముందుకు వెళ్లకండి.

1-2-1 అమరిక దొరికినా పని అయిపోలేదు. చాలా సీట్లలో పడుకున్నప్పుడు పాదాలు ముందు సీటు పక్కనున్న బల్ల కిందికి, ఒక చిన్న పెట్టెలాంటి ఖాళీలోకి వెళ్లాలి. అది ఇరుకుగా ఉంటే పక్కకు తిరిగి పడుకునేవాళ్లకు మోకాళ్లు మడవడానికి చోటుండదు, పాదాలు నిలువుగా కూడా పట్టవు. క్యాబిన్ మొదటి వరుసలో ఈ ఖాళీ సాధారణంగా పెద్దది. అయితే పసిపిల్లల ఊయలలు తగిలించేదీ, వంటగది వెలుతురు, చప్పుడు తగిలేదీ చాలా విమానాల్లో అక్కడే. వరుస వరుసకూ సీట్లను కాస్త పక్కకు జరిపి పేర్చిన అమరికలో ఒక వరుస సీటు కిటికీని ఆనుకుని, దాని వెనక వరుస సీటు నడవాను ఆనుకుని ఉంటుంది. నడవా వైపు వచ్చినవాళ్లకు రాత్రంతా దారిన పోయేవాళ్లు తగులుతూనే ఉంటారు. కిటికీ సీటు అని పేరుండి కిటికీయే లేనివి కూడా ఉన్నాయి. ఇవన్నీ సీట్ల పటాన్ని పెద్దది చేసి నిదానంగా చూస్తే తెలిసిపోయే సంగతులు.

మిశ్రమ తరగతి టికెట్ల గురించి గట్టిగా చెప్పాలి, ఎందుకంటే ఇక్కడ నష్టపోయేవాళ్లు చాలామంది. మధ్యలో విమానం మారే ప్రయాణాన్ని బిజినెస్ క్లాస్‌లో వెతికితే, కొన్ని అమ్మకపు వెబ్‌సైట్లు ఒక భాగం మాత్రమే బిజినెస్‌గా ఉన్న టికెట్‌ను కూడా ఆ జాబితాలోనే చూపిస్తాయి. రెండు గంటల చిన్న ప్రయాణం బిజినెస్‌లో, పది గంటల రాత్రి ప్రయాణం ఎకానమీలో ఉండవచ్చు. మిగతావాటికన్నా ధర బాగా తక్కువగా కనిపిస్తే ముందు అనుమానించాల్సింది దీన్నే. ప్రతి విమానం పక్కనా ఏ తరగతి రాసి ఉందో విడివిడిగా చూడండి. మరో సంగతి. ఐరోపాలోని చిన్న దూరాల విమానాల్లో బిజినెస్ క్లాస్ అంటే చాలావరకు ఎకానమీ సీట్లే, మధ్య సీటు ఖాళీగా వదులుతారు, అంతే. దాని కోసం అదనంగా చెల్లించేటప్పుడు ఆ విషయం తెలిసి చెల్లించాలి.

తక్కువ ధర బిజినెస్ టికెట్లు ఇంకో తలనొప్పి. ఎమిరేట్స్ 2019లో, కతార్ 2020లో, ఫిన్‌ఎయిర్ 2021లో ఇలాంటివి మొదలుపెట్టాయి. సీటు అదే, కానీ లాంజ్ (విమానాశ్రయంలోని ప్రత్యేక విశ్రాంతి గది) ప్రవేశం, తేదీ మార్పు, ముందుగా సీటు ఎంచుకోవడం వంటి వాటిలో కొన్నో అన్నో ఉండవు. ఏది ఉండదన్నది సంస్థను బట్టి మారుతుంది. లాంజ్ లేకపోతే కొంపలేమీ మునగవు. సీటు ఎంచుకునే వీలు లేకపోతే మాత్రం వృద్ధులతో, పిల్లలతో వెళ్లేవాళ్లు విడివిడిగా కూర్చోవాల్సి రావచ్చు. వేలంలో ధర పలికి ఎకానమీ నుంచి పైకి మారేవాళ్లు కూడా గమనించండి. రద్దు, రీఫండ్ నిబంధనలు చాలా సందర్భాల్లో మీరు మొదట కొన్న టికెట్‌వే కొనసాగుతాయి.

నిద్ర గురించి కూడా ఉన్నమాట చెప్పుకోవాలి. ఏడెనిమిది గంటల రాత్రి ప్రయాణంలో బయలుదేరాక భోజనం ముగిసేసరికి దాదాపు రెండు గంటలు పోతాయి, దిగడానికి గంటన్నర, రెండు గంటల ముందే దీపాలు వెలిగిస్తారు. మిగిలేది మూడు నుంచి నాలుగున్నర గంటల నిద్ర. ఎక్కగానే "భోజనానికి లేపవద్దు" అని సిబ్బందికి చెబితే కొంత కలిసివస్తుంది. సీటు ఎంత ఖరీదైనా గాలి అందరికీ ఒకటే. తేమ సాధారణంగా 20 శాతం లోపే, పీడనం 6,000 నుంచి 8,000 అడుగుల ఎత్తున్న కొండ మీద ఉన్నట్టు ఉంటుంది. ఎయిర్‌బస్ ఏ350, బోయింగ్ 787 విమానాల్లో ఇది 6,000 అడుగుల దగ్గరే ఉంటుంది కాబట్టి ఎంచుకునే అవకాశం ఉన్నప్పుడు వాటివైపు మొగ్గండి. కాళ్లలో రక్తం గడ్డకట్టే ప్రమాదం కదలకుండా ఉండటం వల్ల వస్తుంది, పడక దొరికింది కదా అని గంటల తరబడి లేవకుండా ఉండకండి.

టికెట్ కొన్నాక సీట్ల పటం, విమానం రకం కనిపించే పేజీని తేదీతో సహా ఫొటో తీసి దాచుకోండి. వారానికోసారి బుకింగ్ తెరిచి చూడండి. మీ సీటు నంబరు దానంతట అదే మారిందంటే విమానం మారిందనడానికి అదే మొదటి గుర్తు. వెంటనే ఫోన్ చేసి మీరు మొదట ఎంచుకున్న రకం సీటున్న వేరే రోజుకో వేరే వేళకో మార్చమని అడగండి. హక్కుగా ఇవ్వకపోయినా, ముందుగా అడిగినవాళ్లకు ఒప్పుకునే అవకాశం ఎక్కువ. వీలైనంతవరకు సంస్థ దగ్గరే నేరుగా కొనండి. మధ్యవర్తి దగ్గర కొంటే ప్రతి మార్పుకూ సంస్థ అటు పంపుతుంది, వాళ్లు ఇటు పంపుతారు.

సీటు పాడైతే విమానంలో ఉండగానే సిబ్బంది చేత లోపం నమోదు చేయించండి, సీటు నంబరు కనిపించేలా వీడియో తీయండి, సిబ్బందిలో పెద్దవారితో మాట్లాడిన సమయం రాసుకోండి. దిగాక ఆధారం దొరకదు. మైళ్లో కూపన్లో ఇస్తామన్నప్పుడు వెంటనే సరే అనకండి. అంగీకరిస్తే ఫిర్యాదు ముగిసినట్టేనని కొన్ని సంస్థలు షరతు పెడతాయి. డబ్బు రూపంలో ఎంత ఇస్తారో రాతపూర్వకంగా అడగండి.

ఇక వైద్య కారణంతో పడక తప్పనిసరి అయినవాళ్లు కౌంటర్ దగ్గర సామాను ఇచ్చేముందే ఒక ప్రశ్న అడగాలి: "ఈ రోజు వెళ్లే విమానంలో సీటు పూర్తిగా చదునుగా మారుతుందా?" క్లాసు అదేనా అని అడిగితే అవుననే అంటారు, అది మీకు ఉపయోగపడదు. చదునుగా మారదని చెబితే తర్వాతి విమానానికి మార్చమని అక్కడే పట్టుబట్టండి. సామాను లోపలికి వెళ్లిపోయి, గేటు దగ్గరికి చేరుకున్నాక దాన్ని వెతికి దించడానికి విమానం ఆలస్యమవుతుందంటారు, అప్పుడు మీ మాట వినేవాళ్లు ఉండరు.