మధురైలో ఏ వీధిలో దిగాలి?

అమ్మను తీసుకుని మూడు రోజులకని మధురై వెళ్లాను. మొదటి రాత్రి వైగై అవతలి ఒడ్డున, ఆన్‌లైన్‌లో బుక్ చేసిన హోటల్లో దిగాం. గది విశాలం, లిఫ్టు ఉంది. కానీ గుడికి వెళ్లాలన్నప్పుడల్లా ఆటో బేరం, వంతెన మీద ట్రాఫిక్. మర్నాడే ఖాళీ చేసి, స్టేషన్‌కు దగ్గర్లో వెస్ట్ పెరుమాళ్ మేస్త్రి వీధిలో ఓ మామూలు లాడ్జికి మారాం. గది ఇరుకు, వేడినీళ్లు పొద్దున పూట మాత్రమే. అయినా మళ్లీ వెళితే అక్కడే దిగుతాను. ఆ ఊరు నడిస్తేనే అర్థమవుతుంది.

తిరుమలలో మాడవీధులు ఒక చుట్టే కదా. ఇక్కడ చుట్టు మీద చుట్టు. నడిమధ్య మీనాక్షమ్మ గుడి. ప్రాకారం లోపల ఆడి వీధులు, గోడ దాటగానే చిత్తిరై వీధులు, ఆపైన ఆవణిమూల వీధులు, మాసి వీధులు, చివరికి వెళి వీధులు. మొదటివన్నీ తమిళ నెలల పేర్లు, ఆయా నెలల ఉత్సవాలను బట్టి వచ్చినవి. వెళి మాత్రం నెల కాదు, మన 'వెలుపల'లోని వెలే. ఇంకో విశేషం, చిత్తిరై తిరునాళ్లలో అమ్మవారి రథం తిరిగేది మాసి వీధుల్లో. మాసి నెలలో జరిగే ఉత్సవాన్ని, మధురైని ఏలిన రాజు తిరుమల నాయకుడు చిత్తిరైకి మార్చాడంటారు. రథం మాత్రం పాత దారి వదల్లేదు.

ఊరి చుట్టూ ఒకప్పుడు కోటగోడ, అగడ్త ఉండేవి. 1840లలో కలెక్టర్ బ్లాక్‌బర్న్ గోడ పడగొట్టించి అగడ్త పూడ్పించాడు. వెళి వీధులు, వాటికి లోపలగా ఉన్న మారెట్, పెరుమాళ్ మేస్త్రి వీధులు ఆ జాగాలోనే వచ్చాయి. మారెట్ సర్వే అధికారి, పెరుమాళ్ పని చేయించిన మేస్త్రి. ఊరి గోడ తీయించిన మేస్త్రి పేరున్న వీధిలో మూడో రోజు వరకూ ఉన్నామని తెలిశాక నాకెంతో సంతోషం వేసింది.

1636 నాటి తిరుమల నాయకుని మహల్‌కు గంట చాలు. ఇప్పుడు మిగిలింది అసలు కట్టడంలో పావు వంతేనట, ఆ స్తంభాల లావు చూస్తే నమ్మడం కష్టం. ఆ చుట్టుపక్కల పట్టు నేసే సౌరాష్ట్రుల ఇళ్లు ఎక్కువ. వాళ్ల మాటల్లో తెలుగు పదాలు వినిపించి అమ్మ చీరల కొట్టులో చాలాసేపు ఆగిపోయింది.

పెద్దవాళ్లతో వెళ్లేవారికి రెండు మాటలు. గుడి మధ్యాహ్నం మూసేస్తారు, ఫోన్లు బయట కౌంటర్లో ఇవ్వాలి. చిత్తిరై వీధుల్లోకి వాహనాలు రావు కాబట్టి సాయంత్రం నిశ్చింతగా తిరగొచ్చు, ఎండలో మాత్రం ఆ రాళ్ల మీద చెప్పుల్లేకుండా అడుగు వేయలేం.

ఆఖరి సాయంత్రం విళక్కుత్తూణ్, అంటే దీపస్తంభం, దగ్గర జిగర్‌తండా తాగాం. పాలు, బాదం బంక, సుగంధి షర్బత్, పైన ఐస్‌క్రీమ్. ఆ దీపస్తంభం బ్లాక్‌బర్న్ జ్ఞాపకంగా నిలిపినదే. అక్కణ్ణుంచి లాడ్జికి నడిచే వెళ్లాం, అమ్మ ఆటో అడగలేదు.