కోనికా స్ప్రూస్ – అయిదేళ్ళ తర్వాత రివ్యూ, దాని పిల్లలతో సహా

2020 డిసెంబర్లో ఇక్కడ ఆరెగాన్‌లో ఒక పెద్ద స్టోర్‌లో కొన్నానండి దీన్ని, కుండీకి మెరుపు కాగితం చుట్టి రిబ్బన్ కట్టి బుల్లి క్రిస్మస్ చెట్టు అని అమ్ముతారు చూశారా, అదే. లేబుల్ మీద పేరు లేదు, ఎంత పెరుగుతుందో లేదు, ఇంట్లో పెట్టాలో బయట పెట్టాలో కూడా లేదు. రెండు వారాలు హాల్లో హీటర్ పక్కన పెట్టి దాదాపు చంపేశాం. ఆకులు జలజలా రాలుతుంటే మా ఆవిడ "బయట పడెయ్యండి, బతికితే బతుకుద్ది" అంది, పడేశా, బతికింది. తర్వాత తెలిసింది అసలిది బయట చలిలో ఉండాల్సిన చెట్టే అని, పేరు డ్వార్ఫ్ ఆల్బెర్టా స్ప్రూస్ (స్ప్రూస్ అంటే సూదుల్లాంటి ఆకులుండే చలిదేశాల చెట్టు, ఇది అందులో మరుగుజ్జు రకం), కోనికా అంటారు.

ముందు మామూలు రివ్యూ చెప్పేస్తా. ఆకారం సూపర్, కత్తెర ముట్టుకోకుండానే గుడి గోపురంలా నున్నగా ఉంటుంది. ఏడాదికి రెండు మూడు అంగుళాలు పెరుగుతుంది అంతే. ఆకు చిన్నది, మెత్తన, చెయ్యి పెడితే గుచ్చుకోదు. మైనస్ ఏంటంటే ఎర్రనల్లి పడుతుంది, చెట్టు దుమ్ము కొట్టినట్టు గోధుమరంగులోకి మారితే కొమ్మ కింద తెల్లకాగితం పెట్టి తట్టండి, చుక్కలు పాకుతుంటే అదే. నీళ్ళ పైపుతో లోపలికంటా గట్టిగా కొడుతుంటే చాలావరకు తగ్గుద్ది. 2021 జూన్‌లో పోర్ట్‌లాండ్‌లో 116 డిగ్రీలు (మన లెక్కలో 46 దాటి) కొట్టినప్పుడు దక్షిణం వైపు మాడింది, ఆ బోడి ఇంకా పూర్తిగా పూడలేదు. ఇంతవరకే అయితే అయిదుకి మూడున్నర ఇచ్చి ఊరుకునేవాడిని.

కానీ అసలు సంగతి 2022 వేసవికి ముందు మొదలైంది. గోపురం మధ్యలోంచి ఒక కొమ్మ, కోటలోంచి జెండా కర్రలాగా, అడుగు పొడుగు ఒక్క సీజన్‌లో బయటికి తన్నుకొచ్చింది. ఆకు ముతక, దూరం దూరంగా, రంగు కూడా తేడా. కడియం దగ్గర మా బావమరిదికి నర్సరీ ఉంది, వీడియో కాల్ చేసి చూపించా. వాడు జన్మలో స్ప్రూస్ చూసుండడు, చూడగానే "బావా, అది మన రంగు క్రోటన్‌లో పచ్చకొమ్మ వచ్చినట్టే, పాత జాతికి తిరిగిపోతోంది, ఉంచావంటే మొత్తం చెట్టుని మింగేస్తది, మొదలంటా కోసెయ్" అన్నాడు. కరెక్టే. ఎందుకంటే కోనికా అనేదే ఒక మ్యుటేషన్ (గుణం దానంతటదే మారిపోయిన మొక్క), 1904లో కెనడాలో ఆల్బెర్టా రాష్ట్రం లగ్గన్ దగ్గర (ఇప్పుడు లేక్ లూయీస్ అంటున్నారు) బోస్టన్‌లోని ఆర్నాల్డ్ ఆర్బొరేటమ్ అనే చెట్ల తోటలో పనిచేసే జాక్, రేడర్ అనే ఇద్దరికి కనపడిన మరుగుజ్జు వైట్ స్ప్రూస్. ఇప్పుడు ప్రపంచంలో ఎన్ని లక్షల కోనికాలు ఉన్నాయో అన్నీ దాని కొమ్మలే, కొమ్మకి కొమ్మ నాటుకుంటూ వచ్చినవి. లోపల ఎక్కడో ఒక మొగ్గలో ఆ మరుగుజ్జు గుణం జారిపోతే అడవి చెట్టు బయటికి వస్తుంది.

ఇంకో రకంగా జారితే కొత్తది వస్తుంది, దీనికోసమే నేనీ రివ్యూ రాస్తున్నా. ఇదే కోనికా కొమ్మ మీద పుట్టినవే జీన్స్ డిల్లీ, రెయిన్‌బోస్ ఎండ్, డెయిజీస్ వైట్, శాండర్స్ బ్లూ, ఆల్బెర్టా గ్లోబ్. జీన్స్ డిల్లీ మా ఆరెగాన్ పిల్లే, నర్సరీ నడిపిన జీన్ ఐసెలీ పేరు మీద ఉంది, కోనికా కంటే సన్నగా, నిదానంగా, కొమ్మ చివర ఆకులు కొంచెం మెలిక తిరిగి ఉంటాయి. నా దగ్గర మూడున్నాయి. జీన్స్ డిల్లీకి అయిదుకి అయిదు, పాత జాతికి తిరిగిపోయే పిచ్చికొమ్మ ఇంతవరకు ఒక్కటీ రాలేదు. రెయిన్‌బోస్ ఎండ్‌కి నాలుగు, వసంతంలో మామూలు పచ్చ, వేసవి మధ్యలో రెండో చిగురు నిమ్మపండు రంగులో వస్తుంది, బాగుంటుంది కానీ మిట్టమధ్యాహ్నం ఎండ పడే చోట పెడితే ఆ పసుపే ముందు మాడుతుంది. శాండర్స్ బ్లూకి రెండు, కొన్నప్పుడు నీలం, మూడో ఏడుకి సగం పచ్చ సగం నీలం అతుకులేసిన లుంగీలా తయారైంది. కొందరికి అదే ఇష్టం, నాకు కాదు.

ఇక నా సొంత ఘనకార్యం. అదే 2022లో కింద ఉత్తరం వైపు నిమ్మకాయంత ముద్ద ఒకటి కనపడింది, ఆకులు గోటి మీద చంద్రవంకంత కూడా లేవు, మొగ్గలు మాత్రం గుత్తులు గుత్తులు. నాకు రాత్రి నిద్ర లేదు, కొత్త రకం దొరికిందని, దానికి అమ్మ పేరు పెట్టేద్దామని కూడా ఫిక్సయిపోయా. ఇక్కడే ఆరెగాన్‌లో సిల్వర్టన్ అనే ఊరి వైపు చిన్న నర్సరీ నడిపే ఒక పెద్దాయన దగ్గరికి ఫోటోలతో వెళ్తే ఆయన అడిగిన మొదటి ప్రశ్న "ఆ పక్కన కలుపుమందు కొట్టావా?" అని. మందు తగిలినా, నల్లి పట్టినా, కొన మొగ్గ విరిగినా, కుందేలు కొరికినా అచ్చం ఇలాగే ముద్ద కడుతుందంట. పెద్ద చెట్ల మీద కాకి గూడులా కనపడే దుబ్బుల్లో కూడా కొన్ని బూజు వల్లా, బదనిక లాంటి పరాన్నమొక్క వల్లా వచ్చేవే, వాటి కొమ్మ తెచ్చి అంటు కడితే ఆ గుణం నిలవదు. కాబట్టి దారం కట్టి వచ్చే ఏడాది చిగురు కూడా అలాగే వస్తుందేమో చూడమన్నాడు. వచ్చింది!

2023లో ఆరు కొమ్మలు కోసి నాటా, కోనికా కొమ్మకి వేరు పడుతుంది, అంటు కట్టక్కర్లేదు, కాకపోతే నెలలు పడుతుంది. రెండు బతికాయి. రెండేళ్ళు బుద్ధిగా ముద్దలాగే ఉన్నాయి, ఈ మే నెలలో రెండూ ఒకేసారి లేచి మూడంగుళాల శుభ్రమైన కోనికా చిగురు వేశాయి. అంటే మూడేళ్ళు నేను కాపలా కాసింది తొమ్మిది డాలర్లకి స్టోర్లో దొరికే చెట్టుకి. మా బావమరిది ఇప్పటికీ ఫోన్ ఎత్తగానే "అత్తయ్య ఎలా ఉంది బావా, చిగురేసిందా" అంటాడు.

ఆ పెద్దాయన నర్సరీకి మాత్రం అయిదు నక్షత్రాలు. ఆయన లెక్క సింపుల్, కొత్త రకమని పేరు పెట్టాలంటే మొక్క అసలు చెట్టు నుంచి విడిపోయాక కూడా అలాగే ఉండాలి, నాలుగైదు మొక్కలూ ఒకేలా ఉండాలి, ఎండా చలీ చూడాలి, ఇప్పటికే అమ్ముతున్న దేనికీ కాపీ కాకూడదు, ఈ చివరిదాని దగ్గరే ఎక్కువ పోతాయంట. ప్రతి ఏడూ కొమ్మ పెరుగుదల స్కేలుతో కొలిచి ట్యాగ్ వెనక రాస్తాడు. అంగుళం లోపైతే మినియేచర్, ఒకటి నుంచి ఆరు దాకా డ్వార్ఫ్, అది దాటితే అమెరికన్ కోనిఫర్ సొసైటీ (ఇలాంటి సూదాకు చెట్ల అభిమానుల సంఘం) లెక్కలో డ్వార్ఫ్ కాదు. ఆయన చూపించిన ఒక కుండీ మీద తొమ్మిదేళ్ళ అంకెలున్నాయి, ఇంకా పేరు పెట్టలేదు. ధర ఎక్కువే, చేతిలో పట్టేంత మొక్క ముప్ఫై నలభై డాలర్లు, కానీ లేబుల్ మీద పూర్తి పేరు, ఏడాది పెరుగుదల రాసి ఉంటుంది. కార్డు తీసుకోడు, క్యాష్ పట్టుకెళ్ళండి, సోమవారం మూసేస్తాడు.

స్టోర్ కోనికా కొనాలా అంటే కొనండి, డిసెంబర్ 26 తర్వాత సగం రేటుకి. నాలుగైదు తిప్పి చూసి తీసుకోండి, పిచ్చికొమ్మ ఉన్నది వదిలెయ్యకండి, అలాంటి చెట్టే ఇంకోటి కూడా వేస్తుందని నా నమ్మకం, రుజువు లేదు. నా పాతదానికి మొన్న పడమర వైపు ఒక వేలెడు కొమ్మ తెల్లగా చిగురించింది. డెయిజీస్ వైట్ ఆల్రెడీ ఉందిగా అని ఆవిడ గుర్తు చేసింది. అయినా ఎర్రదారం కట్టా.