విక్టోరియా జలపాతం, జింబాబ్వే వైపు నడకదారి: ఏప్రిల్‌లో కాదు, సెప్టెంబరులో

ఈ జలపాతం ఉన్న జాంబెజి నదిలో నీళ్లు ఎక్కువగా ఉండేది ఏప్రిల్‌లో. వానలు మార్చికే తగ్గినా, ఎగువన బరోట్సే మైదానం ఆ నీటిని పట్టి ఉంచి మెల్లగా వదులుతుంది. అందుకే వరద ఆలస్యంగా వస్తుంది. ఆ నెలలో పార్కు టికెట్ కొంటే చప్పుడు చెవులనిండా వినిపిస్తుంది గానీ, ఎదురుగా తెల్లటి తుంపర తప్ప ఇంకేమీ కనిపించదు. ఈ నది అసలు కథ రాతిలో ఉంది. అది చదవాలంటే ఆగస్టు చివరి నుంచి అక్టోబరు లోపు వెళ్లాలి.

లోపలికి వెళ్లగానే జలపాతంలో పడమటి చివరి పాయ అయిన డెవిల్స్ కాటరాక్ట్‌తో మొదలుపెట్టండి. చాలామంది రెండు ఫొటోలు తీసుకుని దాటేస్తారు. మొత్తం దారిలో ఎక్కువసేపు నిలబడాల్సిన చోటు ఇదే. మిగతా అంచు కన్నా ఇక్కడ రాయి బాగా కిందికి కోసుకుపోయింది. తర్వాతి జలపాతం ఈ చీలిక వెంటే ఏర్పడబోతోంది. ఇక్కడి రాయి సుమారు 18 కోట్ల ఏళ్ల నాటి బసాల్ట్, అంటే లావా గడ్డకట్టిన నల్లరాయి. వికారాబాద్ నల్లరాయి కూడా ఆ జాతిదే, కాకపోతే వయసు 6.6 కోట్ల ఏళ్లే. లావా చల్లారినప్పుడు పడిన పగుళ్లలో మెత్తటి మట్టిరాయి నిండింది. నది దాన్ని తవ్వేసి, ఒక్కో పగులునీ ఒక్కో లోయగా మార్చుకుంటూ వెనక్కి జరుగుతూ వచ్చింది. దిగువన మెలికలు తిరిగిన లోయలన్నీ పాత జలపాతాల చోట్లే.

అక్కడి నుంచి తూర్పుకు నడిస్తే మెయిన్ ఫాల్స్, రెయిన్‌బో ఫాల్స్, చివర్లో డేంజర్ పాయింట్ వస్తాయి. తీరిగ్గా చూస్తే మూడు గంటలు పడుతుంది. డేంజర్ పాయింట్ దగ్గర రెయిలింగ్ లేదు, తడిరాయి జారుతుంది. చెప్పులు వద్దు, పట్టున్న బూట్లు వేసుకోండి. రెయిన్‌కోటు గేటు బయట అద్దెకు దొరుకుతుంది. దానితో మనిషి తడవడు గానీ, ఫోనుకు విడిగా జిప్ కవరు కావాలి.

1,708 మీటర్ల వెడల్పున పడిన నీరంతా సుమారు 110 మీటర్ల సందులోంచే బయటికి పోతుంది. ఆ ఇరుకు చూస్తేనే ఈ నది బలం అర్థమవుతుంది.

నదికి అవతల, జాంబియా వైపు సంగతి వేరు. అక్టోబరు, నవంబరుల్లో అక్కడి తూర్పు పాయ ఈస్టర్న్ కాటరాక్ట్ చాలామటుకు ఎండిపోతుంది. నీళ్ల కోసం వెళ్తే నిరాశే. కానీ బసాల్ట్ అంచును అడ్డం లేకుండా చూడాలనుకునేవారికి అదే సరైన కాలం.

ఇంకో అరగంట మిగిలితే 1905లో కట్టిన వంతెన మీదికి వెళ్లండి. పాస్‌పోర్టు చూపి ఇమిగ్రేషన్ దగ్గర వంతెన పాసు అడిగితే సరిపోతుంది. అక్కడి నుంచి దిగువ లోయల్లో, వంతెన కిందున్న రెండో లోయే బాగా కనిపిస్తుంది. మెలికలన్నీ ఒకేసారి చూడాలంటే హెలికాప్టరే దారి.