ఆవు సిజేరియన్: పారావర్టెబ్రలా, తలకిందుల ఎల్ బ్లాకా?

నిలబడిన ఆవుకి ఎడమ డొక్కలో కోత పెట్టి దూడను తీసేటప్పుడు ఏ బ్లాక్ (ఆ చోటు మొద్దుబారేలా మత్తుమందు పొడవడం) మేలని తరచూ అడుగుతుంటారు. చర్మం, కండరాలు ఏ పద్ధతిలోనైనా దాదాపుగా మొద్దుబారతాయి. అసలు పరీక్ష పెరిటోనియం (పొట్ట లోపలి పలచని పొర) కోసేటప్పుడే. అక్కడ నొప్పి తగిలితే ఆవు ఎగురుతుంది, లేదా కూలబడుతుంది. తెరిచిన పొట్టతో కూలబడితే పేగులు బయటికి జారతాయి, గర్భాశయంలోని మురికి కడుపులోకి పోతుంది.

తలకిందుల ఎల్ బ్లాక్ నేర్చుకోవడం సులువు. చివరి పక్కటెముక వెనక నిలువుగా ఒక వరస, నడుము పూసల నుంచి పక్కకి పొడుచుకొచ్చే అడ్డకొమ్ముల కింద అడ్డంగా మరో వరస. పెద్ద ఆవుకి 2% లిగ్నోకైన్ (మొద్దుబార్చే మందు) 100 మి.లీ. దాకా పడుతుంది. మందు కోతలోకి రాదు కాబట్టి పుండు బాగానే మానుతుంది. లోపం లోతులోనే ఉంది: లావు ఆవుల్లో పెరిటోనియం సగం మేలుకునే ఉంటుంది.

పారావర్టెబ్రల్ బ్లాక్ వెన్ను నుంచి డొక్కకి వచ్చే నరాలనే పట్టుకుంటుంది: టి13 (చివరి ఛాతీ నరం), ఎల్1, ఎల్2 (మొదటి రెండు నడుము నరాలు). డొక్క గోడ మొత్తం, పెరిటోనియంతో సహా, మొద్దుబారి సడలుతుంది. వెన్నుపూస దగ్గరే పొడిచే ప్రాక్సిమల్ పద్ధతిలో నరానికి సుమారు 20 మి.లీ. చాలు. కానీ వెన్ను కండరాలు కూడా సడలి నడుము మత్తిచ్చిన వైపుకి విల్లులా ఉబ్బుతుంది, కుట్టేటప్పుడు గాయం అంచులు దూరం జరుగుతాయి. మందు ఎల్3 నరం దాకా పాకితే వెనక కాలు తడబడుతుంది.

అందుకే నా మొగ్గు అవే నరాలను వెన్నుకి దూరంగా, అడ్డకొమ్ముల కొనల దగ్గర పట్టే డిస్టల్ పద్ధతికే. ఎల్1, ఎల్2, ఎల్4 పూసల (నడుములో 1, 2, 4వ పూసలు) అడ్డకొమ్ముల కొనలను వేలితో తడిమి, సూదిని అడ్డంగా వెన్ను వైపుకి పోనిచ్చి, కొమ్ము కింద 10–20 మి.లీ., కొద్దిగా వెనక్కి లాగి కొమ్ము పైన మరో 5 మి.లీ. మూడో చోటు ఎల్3 కాదు, ఎల్4. ఎల్2 నరం వెనక్కి వాలుతూ ఆ కొన దగ్గరికి వస్తుంది. ఇక్కడే ఎక్కువమంది పొరబడి, డొక్క వెనక భాగం మొద్దుబారలేదని మందును తప్పుపడతారు. ప్రతిసారీ సిరంజి వెనక్కి లాగి రక్తం రాలేదని చూడాలి. 15 నిమిషాలు ఆగి, డొక్క వేడెక్కిందో లేదో తాకి, సూదితో గుచ్చి చూడాలి.

కోత గీత మీదే వేసే లైన్ బ్లాక్ అత్యవసరానికే, అంచులు ఉబ్బుతాయి.

మేక, గొర్రెలకు లిగ్నోకైన్ కిలో బరువుకి 5 మి.గ్రా. మించకూడదు. 40 కిలోల మేకకి 2% మందు 10 మి.లీ. మాత్రమే, దాన్ని 1%కి పలచన చేసి వాడాలి.

ఆవు ముక్కుతుంటే తోక మొదట్లో ఎపిడ్యూరల్‌గా (వెన్నుపాము పొర బయట) లిగ్నోకైన్ 5 మి.లీ.; ఎక్కువైతే కాళ్లు పడిపోతాయి. మత్తు కోసం జైలజిన్ వద్దు: గర్భాశయాన్ని బిగించి దూడకి రక్తం తగ్గిస్తుంది, ఆవును పడుకోబెడుతుంది.

బ్లాక్ గంట, గంటన్నరకి దిగిపోతుంది. దూడ బయటికి రాగానే నొప్పి తగ్గించే మెలాక్సికామ్ కిలోకి 0.5 మి.గ్రా. ఇవ్వాలి. అలాంటిదే మరో నొప్పి మందు ఫ్లునిక్సిన్ ఈతకి ముందు ఇస్తే దూడ చనిపోయి పుట్టే ముప్పు, మాయ నిలిచిపోయే ముప్పు పెరుగుతాయి.